గునుగుపువ్వుకు లెక్క రాసిన కథ

మా చిన్నప్పుడు నల్లగొండలో లేసు లేని ఇల్లు తక్కువ. టీవీకి లేసు, రేడియోకు లేసు, ఫోను వచ్చినంక ఫోనుకు లేసు. అల్మారా అరల అంచులకు, దిండు గలీబులకు, కుంకుమ భరిణె కిందికి, ఆఖరికి స్టీలు బిందె మూత మీదికి కూడా. పెండ్లయి పోయే పిల్ల పెట్టెలో ఒక జత గలీబులు, ఒక గుండ్రటి టేబులు క్లాతు లేకపోతే వియ్యపురాలు పైకి అనకపోయినా మొహంలో తెలిసేది. చాలా ఇండ్లల్లో టేబులే ఉండేది కాదు, అది వేరే మాట. టేబులు క్లాతు మాత్రం ఉండేది, ట్రంకుపెట్టెలో, కలరా ఉండల వాసనతో.

మా ఇంటి వైపు ఈ పనికి పెద్దదిక్కు మా చిన్నమ్మ. రామగిరిలో ఉండేది. హాస్టల్లో చదువుకున్నప్పుడు నర్సాపురం దిక్కు నుంచి వచ్చిన ఒక టీచరమ్మ దగ్గర క్రోషియా, అంటే కొక్కెం సూదితో దారాన్ని లేసుగా అల్లే పని, పట్టింది. గోదావరి జిల్లాల్లో ఈ పని 19వ శతాబ్దంలో మిషనరీల వెంట వచ్చి, పల్లెపల్లెకు ఆడవాళ్ల చేతిపనిగా పాకింది. 2024లో నర్సాపురం క్రోషియా లేసుకు భౌగోళిక గుర్తింపు కూడా ఇచ్చిన్రు. మా దిక్కు అట్లాంటి పరిశ్రమ ఎన్నడూ లేదు. టీచర్లు, నర్సులు, బదిలీ మీద వచ్చిన ఉద్యోగుల భార్యలు, వీళ్ల చేతుల నుంచి మా చేతులకు వచ్చింది. అందుకే మా లేసులో ఏ ఊరి ముద్రా లేదు. ఎవరి ఇంట్లో చూసినా అదే అనాసపండు, అదే గులాబీ, అదే నెమలి.

చిన్నమ్మకు పుస్తకం అక్కరలేదు. పెండ్లికి పోయినచోట కొత్త లేసు కనిపిస్తే మాటల్లో పెట్టి దగ్గరికి పోయేది, కొంగుచాటున వేలితో కుట్లు లెక్కపెట్టేది. ఇంటికొచ్చి దీపాలు పెట్టేలోపల దాని ముక్క తయారు. ఆ ముక్కలన్నీ ఒక పొడుగు నోటుబుక్కులో పేజీకొకటి చొప్పున కుట్టి పెట్టుకున్నది. ఆ బుక్కులో ఒక్క అక్షరం లేదు, ఒక్క అంకె లేదు. చిన్నమ్మకు చదువు రాక కాదు, రాయాలన్న ఆలోచనే రాలేదు.

"ఇది ఎట్ల అల్లిన్రు చిన్నమ్మా?" అంటే "ఎట్లేందే, గిట్ల చూడు" అని గబగబా అల్లి చూపించేది. ఇంకోసారి మెల్లగా అంటే మెల్లగా చెయ్యరాదు ఆమెకు. చెయ్యి నిదానిస్తే లెక్క తప్పేది. "నువ్వు అడిగితేనే తప్పుతున్నది, జర పోయి కూర్చోపో" అని కసిరేది. ఆమె వేళ్లకు తెలిసింది ఆమె నోటికి తెలియదు. నాకు మొదటి నుంచీ ఆ రెండింటి నడుమ సందు మీదనే పడ్డది మనసు. అల్లడం నాకు ఇష్టమే గాని, అల్లింది కాగితం మీదికి ఎట్ల దించాలె, నేను పక్కన లేకుండా ఇంకొకామె దాన్ని ఎట్ల అల్లాలె అన్నది అంతకంటె ఎక్కువ పిచ్చి. తర్వాత్తర్వాత తెలిసింది, డిజైనరు పని అంటే అదేనని.

డిగ్రీలో లెక్కలు తీసుకున్న. లేసుకు లెక్కలకు చుట్టరికం ఉందని నాకు ఏ క్లాసులోనూ చెప్పలేదు. గుండ్రటి లేసు అల్లేటప్పుడు పొట్టి కుట్టుతోనైతే మొదటి చుట్టులో 6, రెండో చుట్టులో 12, మూడో చుట్టులో 18, అట్ల చుట్టుకు ఆరు పెంచుకుంట పోవాలె. "ఆరే ఎందుకు?" అంటే చిన్నమ్మ "ఆరైతేనే పండుకుంటది" అనేది. ఐదు పెంచితే గిన్నెలెక్క లేస్తది, ఎనిమిది పెంచితే అంచు కుచ్చిళ్లు పడతది. ఒకరోజు ట్యూషను పిల్లలకు వృత్తం చుట్టుకొలత చెప్పుకుంట నేనే ఆగిపోయిన. పొట్టి కుట్టు ఎత్తు, వెడల్పు దాదాపు సమానం. ప్రతి చుట్టుకు వ్యాసార్ధం ఒక కుట్టు ఎత్తు పెరిగితే చుట్టుకొలత రెండు పై (2π) రెట్లు, అంటే ఆరుంబావు కుట్లు పెరగాలె. ఆ ఆరుంబావే చిన్నమ్మ ఆరు. పొడుగు కుట్టు దానికి రెండింతల ఎత్తు, అందుకే దానికి 12. పిల్లలకు ఏమీ అర్థం కాలేదు గాని నేను ఆ సాయంత్రం రామగిరికి ఉరికిన. చిన్నమ్మ మొత్తం విని, "అయితే నేను చెప్పింది కరెక్టే కదా" అన్నది.

ఇంకో సంగతి ఆమెకూ తెలుసు, నాకు చెప్పలేదు. ఆ ఆరు పెంపులను ప్రతి చుట్టులో ఒకదాని మీద ఒకటి పెడితే వృత్తం రాదు, ఆరు మూలల బిళ్ల వస్తది. గుండ్రంగా రావాలంటే పెంపుల జాగా చుట్టు చుట్టుకూ కొంచెం జరపాలె. ఆమె చెయ్యి తనంతట తానే జరుపుకునేది.

నా సొంతది అని చెప్పుకోదగ్గ మొదటి డిజైను, పోగులకు ముందే రంగులద్ది ఇక్కత్ నేసే పుట్టపాకకు పోయినంకనే పుట్టింది. అప్పుడు ఆ ఊరు మా నల్లగొండ జిల్లానే, 2016లో జిల్లాలు విడదీసినంక యాదాద్రి భువనగిరి కిందికి పోయింది. మా మేనత్త వాళ్లకు తెలిసిన నేతగాళ్ల ఇల్లు. ముందుగదిలో గోడకు గళ్లకాగితం, దాని మీద ఎర్రరంగు పెన్సిలుతో వజ్రాల డిజైను. నేను చీరను చూడలేదు, మగ్గాన్ని చూడలేదు, ఆ కాగితం ముందే నిలబడిపోయిన. అల్లే పనిలోనైనా నేసే పనిలోనైనా ఎవరైనా లెక్కను కాగితం మీద పెట్టుకోవడం నేను అంతవరకు కండ్లారా చూడలేదు.

ఆ ఇంట్లో అమ్మ ఆసు పోస్తున్నది, అంటే రంగులద్దే ముందు పోగును వరుసగా పేర్చుకునే పని. అర్ధచంద్రంగా నిలబెట్టిన పుల్లల చుట్టూ చెయ్యి అటూ ఇటూ తిప్పుకుంట పోగు వెయ్యాలె. ఒక్క చీరకు చెయ్యి వేలసార్లు తిరగాలె, భుజం పోతది. తల్లి పడే ఆ కష్టం చూడలేకనే ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం 1999లో ఆసు యంత్రం తయారు చేసి, దానికి తల్లి లక్ష్మి పేరే పెట్టిండు. 2017లో పద్మశ్రీ వచ్చింది. నేను పోయిన ఆ ఇంటికి యంత్రం ఇంకా రాలేదు. ఆమె భుజం రాసుకుంట నన్ను అడిగింది, "నీ పనిల ఏం నొస్తది బిడ్డా?" బొటనవేలు, మెడ అని చెప్పిన. "గంతేనా" అన్నది.

పుట్టపాకలో నేసే తేలియా రుమాలు బట్ట ఎరుపు, నలుపు, తెలుపు చూసినోళ్లకు తెలుసు. నూలును ఆముదం కాయల బూడిదలో, నూనెలో నానబెట్టి అద్దకానికి సిద్ధం చేస్తరు, అందుకే ఆ పేరు. పుట్టపాక తేలియా రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ వజ్రాన్ని క్రోషియా గళ్లల్లోకి తేవాలని నా పట్టు. గళ్ల లేసు లెక్క సులువే: ఒక పొడుగు కుట్టు, రెండు చైన్లు (గొలుసు కుట్లు), మళ్లా పొడుగు కుట్టు, అది ఖాళీ గడి. చైన్ల జాగాలో పొడుగు కుట్లు వేస్తే నిండు గడి. గడికి మూడు, చివరికి ఒకటి. 30 గళ్లు కావాలంటే కింద 91 కుట్లు ఉండాలె.

సులువు అక్కడితో అయిపోయింది. నేత కాగితం మీది వజ్రాన్ని ఉన్నదున్నట్టు అల్లితే పొట్టిగా, పొట్ట ఉబ్బి వచ్చింది. నా చేతికి గడి ఎత్తు కంటె వెడల్పు ఎక్కువ. చైను ఒకటి తగ్గిస్తే ఈసారి సన్నగా సాగింది. ఆఖరికి షాపులో దొరికే చదరపు గళ్లకాగితం పక్కన పెట్టి, నా గడి ఎంత వెడల్పు, ఎంత ఎత్తు స్కేలుతో కొలిచి, ఆ కొలతకే కాగితం మీద గీతలు గీసుకున్న. అప్పుడు గాని వజ్రం వజ్రంగా రాలేదు. ఇంకొకటి మాత్రం ఈనాటికీ రాలేదు. ఇక్కత్‌లో రంగు పోగు వెంట కొంచెం పాకి, అంచు మసకగా, ఈకలు ఈకలుగా ఉంటది. ఆ వణుకే దాని అందం. నా గళ్లకు అంచంటే మెట్లే. చాలా రోజులు దాన్ని లోపమనుకొని కొట్లాడిన, తర్వాత వదిలేసిన. మసక కావాలన్నోళ్లు చీర కొనుక్కోవాలె.

దారం సంగతి చెప్పకపోతే ఈ పని చేసినట్టే కాదు. ప్రకాశం బజారులో తెల్లది, గోధుమరంగు, ఒక గులాబీ, ఒక పచ్చ, అంతే దొరికేవి. ఆంకర్ కంపెనీ దారం ఉండలు 20 నంబరు, 40 నంబరు. నంబరు పెరిగినకొద్దీ దారం సన్నం. రంగులు కావాలంటే నార్కట్‌పల్లి, చౌటుప్పల్ దాటి హైదరాబాదు బస్సు, దిగినంక కోఠి, బేగంబజార్. ఒకే రంగైనా రంగు వేసిన గిన్నె మారితే ఛాయ మారుతది. అందుకే లాట్ నంబరు చూసి ఒకేసారి కొనాలె. మా దుకాణదారు సేట్లకు నేనంటే విసుగు. "అమ్మా, తెలుపు తెలుపే కదా" అనేవాడు ఒకాయన. కాదు. పైగా మా నల్లగొండ బోరునీళ్లల్లో ఉతికితే ఏ తెలుపైనా కొన్నాళ్లకు మాసినట్టే ఉంటది. నీళ్లల్లో ఫ్లోరైడు తీసే పద్ధతికి లోకమంతా నల్లగొండ పద్ధతి అని మా ఊరి పేరే పెట్టుకున్నది, మా లేసు మాత్రం వాననీళ్ల కోసం చూరు కింద కాచుకొని ఉండేది. గంజి పెట్టేందుకు కూడా వాననీళ్లే. గంజిపట్టించి, నులకమంచం మీద దుప్పటి పరిచి, గుండుసూదులతో ఒక్కొక్క మూల లాగి గుచ్చి ఎండబెట్టాలె. అది అయ్యేదాక డిజైను మంచిగున్నదో లేదో చెప్పరాదు.

పైసల ముచ్చట తొందరగా కానిస్త. నడుమ కొన్నేండ్లు ముక్క లెక్కన ఒక వ్యాపారికి అల్లిపెట్టిన. నా వజ్రం డిజైను ఇంకోచోట, ఇంకొకరి పేరుతో, నేను అమ్మిన ధరకు ఎన్నో రెట్లకు కనపడ్డది. అడిగితే "దారానికి పేరు రాసి ఉంటదా" అన్నడు. అప్పటి నుంచి ముక్కలు అమ్మడం తగ్గించి రాతలు అమ్మడం మొదలుపెట్టిన. బట్టల దుకాణాల్లో చవగ్గా క్రోషియా జాకెట్లు చూసి "మిషనుదిలే" అనుకుంటరు చాలామంది. స్వెట్టరు అల్లే మిషన్లు ఉన్నయి, కాని నిజమైన క్రోషియాను మనిషి లెక్క అల్లి బజారుకు ఎత్తే మిషను లేదు. ఆ జాకెట్టు వెనక ఎక్కడో ఒక మనిషి మెడ వంచుకొని కూర్చున్నది. ధర చూసినప్పుడల్లా ఆమెకు ఎంత ముట్టిందా అని లెక్కేస్త. నాకు ఆ అలవాటు పోదు.

రాతలు అంటే ప్యాటర్న్‌లు. 2007లో రావెల్రీ అనే అల్లికల వెబ్‌సైటు వచ్చినంక లోకం నలుమూలల అల్లేటోళ్లు అక్కడ చేరిన్రు, డిజైను కాగితాన్ని కొనేటోళ్లు ఉంటరన్న సంగతి నాకు అట్లనే తెలిసింది. అమెరికా పుస్తకంలో ఒక తీరు, ఇంగ్లండు పుస్తకంలో ఒక తీరు రాతలు, ఏదేదో చూసుకోకుండ అల్లితే కొలత తారుమారు. దానికంటె జపాను వాళ్ల బొమ్మల పద్ధతి నాకు మస్తు నచ్చింది. చైనుకు సున్నా ఆకారం, పొట్టి కుట్టుకు ఇంటూ గుర్తు, పొడుగు కుట్టుకు టోపీ పెట్టిన నిలువు గీత మీద ఒక అడ్డగీత. సూదికి దారం ఎన్నిసార్లు చుట్టాలెనో అన్ని అడ్డగీతలు. భాష రాకున్నా బొమ్మ చూసి అల్లొచ్చు. నా ప్యాటర్న్‌లన్నీ తెలుగులో ఒక పేజీ, బొమ్మతో ఒక పేజీ.

రాసింది అమ్మే ముందు వేరేవాళ్లు అల్లి చూడాలె. మిర్యాలగూడలో ఒక అక్క చెయ్యి బిగువు, నారాయణపేటలో ఒక చెల్లె చెయ్యి వదులు. అదే దారం, అదే సూది, అదే రాత, ఒకామెకు పళ్లెమంత వస్తే ఇంకొకామెకు తాంబాళమంత. అందుకని ప్రతి ప్యాటర్న్ మొదట్లో 10 సెంటీమీటర్ల ముక్క అల్లి కుట్లు లెక్కపెట్టుకోమని రాస్త. ఎవరూ అల్లరు. మళ్ల ఫోను చేసి "మాకు పెద్దగ వచ్చింది" అంటరు.

ఇప్పుడు అసలు కథకు వస్త. బతుకమ్మ.

అమెరికాలో ఉన్న మా మరదలు ఒక ఏడాది ఎంగిలిపూల నాడు ఫోనులో ఏడ్చినంత పని చేసింది. అక్కడ తంగేడు లేదు, గునుగు లేదు. దుకాణంలో కొన్న చామంతులతో ఏదో పేర్చింది. "వదినా, నువ్వు దారంతో అల్లి పంపు" అన్నది. అల్లడం పెద్ద పని కాదు. పువ్వు పువ్వునూ లెక్కకు తెచ్చి, రేపు ఇంకో మరదలు తానే అల్లుకునేటట్టు రాయాలె, అది పని.

ఆకారం తొందరగానే దొరికింది. అడుగు బిళ్ల చుట్టుకు ఆరు పెంచుకుంట వెడల్పు చేసుకున్నంక, పైకి పోయేకొద్దీ తగ్గించాలె. ప్రతి చుట్టులో ఆరు తగ్గిస్తే అది లేవదు, పండుకుంటది. మూడు చుట్లకొకసారి ఆరు తగ్గిస్తే బతుకమ్మ లేచి నిలబడ్డది. లోపల దూది కుక్కి, కింద గుమ్మడాకుల జాగాలో ఆకుపచ్చ ఆకులు, నెత్తిన పసుపు గౌరమ్మ.

తంగేడు ఐదు రేకులు, అది కూడా సులువే అనుకున్న. కాని అన్ని రేకులూ ఒక్క తీరుగా అల్లితే అది తంగేడు కాదు, బళ్లో గీసే పువ్వు. పానగల్ దిక్కు పోయి కొమ్మ తెంపుకొచ్చి చూసిన. రేకులు సమానంగా ఉండవు, అంచులు ముడతలు, నడుమ కేసరాలు వంగి ఉంటయి. రెండు రేకులకు కుట్లు తగ్గించి, గోధుమరంగు చైన్లు మూడు వదిలితే అప్పుడు "తంగేడు" అన్నది మా అత్తమ్మ, ఎవరూ చెప్పకుండనే. ఆమె గుర్తుపడితేనే నాకు పాసు.

పట్టుకుచ్చు పువ్వు దగ్గర లెక్కలు మళ్ల పనికొచ్చినయి. ప్రతి కుట్టులో రెండేసి కుట్లు వేసుకుంట పోవాలె. 20 కుట్లతో మొదలుపెడితే 40, 80, 160. చివరి వరుసకు పట్టే దారం అంతకుముందు అన్ని వరుసలకూ కలిపి పట్టినదానికంటె ఎక్కువ. దానికి పండుకునేందుకు జాగా లేక మడతలు మడతలుగా తిరుగుతది, అచ్చం పట్టుకుచ్చే. తర్వాత ఎక్కడో చదివిన, కార్నెల్ యూనివర్సిటీలో డైనా టైమినా అనే లెక్కల టీచరమ్మ 1997లో ఇట్లనే క్రోషియాతో అతిపరావలయ తలాన్ని (హైపర్బోలిక్ ప్లేన్, అంచుకు పోయినకొద్దీ మడతలు పడే తలం) అల్లి క్లాసులో చూపించిందట. కాగితంతో చేసిన నమూనాలు చినిగిపోతుంటే దారంతో చేసింది. ఆమె పువ్వు కోసం చెయ్యలేదు, నేను జ్యామితి కోసం చెయ్యలేదు, ఇద్దరిదీ ఒకటే లెక్క.

గునుగు మాత్రం నన్ను ఏడిపించింది. పొలం గట్ల మీద ఎవరూ విత్తకుండ మొలిచే పువ్వు, దాని అంత గడుసుది ఇంకొకటి లేదు. కింద వెండి తెలుపు, కొసకు పోయేసరికి గులాబీ, పొడుగ్గా, ముట్టుకుంటే పొడిపొడిగా. బొబ్బల కుట్టుతో అల్లితే మొక్కజొన్న కంకి వచ్చింది. ఊలుతో అల్లితే మెత్తబడి తలవాల్చింది. అల్లుడు, విప్పుడు, అల్లుడు, విప్పుడు. మా ఆయన ఆ దసరాకు గునుగు మాట ఎత్తితే లేచిపోయేటోడు. ఆఖరికి పువ్వును పువ్వుగా అల్లడం మానేసి పట్టీగా అల్లిన. పొడుగు చైను వేసి, దాని మీద చిన్న చిన్న చైను ఉచ్చులు, మొదట్లో ఐదేసి, కొసకు పోయేకొద్దీ నాలుగు, మూడు, రెండు. ఆ పట్టీని సన్నటి తీగకు మెలికలుగా చుట్టి కుట్టిన. చివరి జానెడులో తెల్లదారంతో గులాబీ పోగు కలిపిన. నిలబడ్డది. పొడిపొడిగా కూడా ఉన్నది. మెరుపే రాలేదు.

మా అత్తమ్మ బతుకమ్మను చేతిలోకి తీసుకొని చుట్టూ తిప్పి చూసింది. "మంచిగనే ఉన్నది గాని, నీళ్లల్ల వెయ్యని బతుకమ్మ బతుకమ్మేందే?" అన్నది. ఆ మాట నిజం. మేము సద్దుల నాడు పానగల్ చెరువులో పూలనే వేస్తం, దారం వెయ్యం. ప్యాటర్న్ మొదటి పేజీలో ఆ మాట రాసిన: ఇది పండుగ తర్వాత పెట్టెలో దాచుకునేది, మీ ఊళ్లో ఏ పువ్వు దొరికితే ఆ పువ్వుతోనే నీళ్లల్లో వేసే బతుకమ్మ పేర్చుకోన్రి అని.

మరదలుకు పంపిన. ఆమె స్నేహితులు అడిగిన్రు, వాళ్ల స్నేహితులు అడిగిన్రు. కాని నాకు ఎక్కువ సంతోషం దేవరకొండ దిక్కు నుంచి వచ్చిన ఫోనుతో అయింది. పెద్దామె. చదువు లేదట, మనుమరాలు ఫోనులో బొమ్మ పేజీ చూపిస్తే దాన్ని చూసి అల్లిందట. చిన్నమ్మ ఉంటే ఇద్దరినీ కలిపేదాన్ని.

"నువ్వేనా బిడ్డా గునుగు రాసింది?"

"నేనే అవ్వా. ఏమన్న అర్థం కాలేదా?"

"అర్థమెందుకు కాదు? సున్నాలు, గీతలే కదా. గాని నీ గునుగు కంటె నా గునుగు మంచిగొచ్చింది. మా పొల్ల ఫోటో పంపింది, చూడు."

చూసిన. మెరుస్తున్నది. పొద్దున పొలం గట్టు మీద మెరిసినట్టే మెరుస్తున్నది. ఏం దారం కలిపిందో ఎంత దగ్గరికి లాగి చూసినా తెలియలేదు, మళ్ల ఫోను చేసి అడిగిన.

"దారమెక్కడిది బిడ్డా? నా పెండ్లి నాటి గద్వాల చీర చినిగి మూలకు పడ్డది. అంచు విప్పి జరీపోగు తీసిన, నీ తెల్లదారంల కలిపిన. నువ్వు గూడ అట్ల రాయి."

రాసిన, ఆమెను అడిగి, దేవరకొండ అవ్వ చెప్పిన తీరు అని. ఇప్పుడు చుట్టాల ఇండ్లకు పోతే చాయ్ తాగకముందే పాత గద్వాల చీరలు ఏమన్న ఉన్నయా అని అడుగుతున్న. మా అక్క బీరువాకు తాళం వేసుకున్నది.